ముప్ఫైమంది చూసిన మాత్ర

ఉదయం ఎనిమిదింటికి మా బైండింగ్ అత్తయ్య మాత్రను నాలుక మీద పెట్టుకుని, ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టేది. ముప్ఫైమంది చూసి తృప్తిపడేవారు. మింగాక ఖాళీ నోటి ఫొటో కూడా కావాలని చిన్ననానమ్మ పట్టుబట్టింది.

మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ, అత్తయ్యను ఆస్పత్రి నుంచి ఇంటికి పంపుతూ, "వైద్యంలో మీవాళ్ళ సాయం కూడా కావాలి," అంది. అంతే. ఆమె ఆస్పత్రిలో ఉన్న రెండు నెలలూ ఫోనెత్తని బంధువులంతా సాయానికి ఎగబడ్డారు. అత్తయ్య నవ్వితే "మళ్ళీ మొదలైంది" అనేవారు. నవ్వకపోతే మందు పనిచేయడం లేదనేవారు. కూరలో ఉప్పు తగ్గిందన్న పాపానికి ఒకరోజు మూడు వాయిస్ మెసేజులు, ఒక ధ్యానం వీడియో వచ్చిపడ్డాయి.

ఆమెకు కావలసింది ఒక్కటే, ప్రెస్సులో పుస్తకాలు బైండింగ్ చేసే తన పాత పని. ఆమె కుట్టిన పుస్తకంలో పేజీ ఊడదు. ఇంటివాళ్ళు ఒప్పుకుని కాగితం మీద సంతకం పెడితే రేపే రమ్మన్నాడు యజమాని. ఆమె అన్నయ్య, అంటే మా పెదనాన్న, ససేమిరా అన్నాడు.

"సూదులూ కత్తులూ ఉండేచోటు. నీ మంచికే కదే చెప్పేది!"

"నువ్వు గడ్డం గీసుకునే బ్లేడు ఇంట్లోనే ఉందిగా అన్నయ్యా."

"ఎదురు మాట్లాడుతోంది," అని పెద్దమ్మ వెంటనే గ్రూపులో పెట్టేసింది.

చివరికి పంచాయితీ డాక్టరమ్మ దగ్గరికి చేరింది. ఏడుగురు వెళ్ళారు, కుర్చీలు నాలుగే. అందరి గోడూ విని, అత్తయ్య రోజూ నింపే కాగితాన్నే ఆవిడ తలా ఒకటి పంచింది. ఎన్ని గంటలు నిద్ర, ఎన్నిసార్లు కోపం, ఎవరితో నవ్వుతూ మాట్లాడారు.

"మాకెందుకండీ? మాకేం జబ్బు?"

"జబ్బు లేనివాళ్ళు ఎలా ఉంటారో తెలియాలి కదండీ. ఒక్క వారం. ఎవరిది వాళ్ళు కాదు, ఇంట్లో ఇంకొకరు రాయాలి."

వారం గడిచింది. కోడలు రాసిన కాగితాన్ని చిన్ననానమ్మ దారిలోనే చించేసింది. పెదనాన్నది పెద్దమ్మ శ్రద్ధగా నింపింది. నిద్ర నాలుగు గంటలు. కోపం దగ్గర చోటు చాలక "వెనకవైపు చూడండి" అని రాసింది. నవ్వుతూ మాట్లాడింది టీవీతో.

డాక్టరమ్మ అన్నాచెల్లెళ్ళ కాగితాలు పక్కపక్కన పెట్టింది.

"ఈ ఇద్దరిలో ఎవరిని పనికి పంపొచ్చంటారు?"



"ఇది గ్రూపులో పెట్టరు కదా?" అని అడిగి, పెదనాన్న ప్రెస్సు కాగితం మీద సంతకం పెట్టాడు.

ఇప్పుడు అత్తయ్య తొమ్మిది నుంచి ఐదు దాకా ప్రెస్సులో పనిచేస్తుంది. నెలకోసారి డాక్టరమ్మ దగ్గరికి, పక్కబల్ల మీద అట్టలు అంటించే ఆవిడను తోడు తీసుకుని వెళ్ళొస్తుంది.