జనరల్‌ది కాదు, డ్రైవరత్తది

మా మేనత్తకు కోపం వస్తే ముందు కళ్లజోడు తీసేస్తుంది. ఎదుటివాణ్ణి సరిగ్గా చూడాల్సిన అవసరం ఇక లేదన్నమాట. ఆ ఉదయం నేను పేపరు చదివి వినిపిస్తుంటే సగంలోనే తీసేసింది.

పేపర్లో ఒక పాత కారు ఫొటో ఉంది. మూతపడ్డ మిల్లు గోడౌనులో దొరికిందట. ఇలాంటిది లోకంలో ఇదొక్కటేనట. పాత కార్ల సంఘం వాళ్లు నెలల తరబడి తలలు బద్దలు కొట్టుకుని, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో ఒక జనరల్ గారు ప్రత్యేకంగా చేయించుకున్న కారని తేల్చారు. సాక్ష్యాలు కూడా చూపించారు. చాసిస్ మీద సైన్యం నంబరు ఉంది. డ్రైవరు తలుపు పక్కన ఏటవాలుగా ఇత్తడి గొట్టం ఉంది, జెండా గుచ్చుకోవడానికి. డ్రైవరు కాళ్ల దగ్గర ముందుకు పొడుచుకొచ్చిన పొడవాటి అర ఉంది, తుపాకీ పెట్టుకోవడానికి. పక్క సీటు ఉండాల్సిన చోట బల్ల ఉంది, మ్యాపులు పరుచుకోవడానికి. చేత్తో లాగే లివర్లు మాత్రం తర్వాత ఎవరో తెలివితక్కువవాడు అతికించాడని, వాటిని కోసేసి పెడళ్లు బిగించి కారుకు అసలు రూపం తెస్తామని రాశారు.

"జనరలా? వాడి బొంద!" అంది అత్త. "అది నా కారు. పద."

చిన్నప్పుడే జబ్బు చేసి ఆమె కుడి మోకాలు బిగుసుకుపోయింది. కాలు కర్రలా చాపుకోవాల్సిందే, వంగదు. చంకలో కర్ర లేకుండా అడుగు పడదు. అలాంటి మనిషి కాళ్లకు బలపం కట్టుకుని ఊరంతా తిరిగే పని ఎంచుకుంది. ఇంటింటికీ వెళ్లి కుట్టుమిషన్లు బాగుచేసేది. ఒక చేతిలో పనిముట్ల పెట్టె, ఇంకో చంకలో కర్ర. బస్సు ఎక్కబోతే కండక్టరు, "తర్వాతి బస్సు ఖాళీగా వస్తుందమ్మా, అందులో రండి" అనేవాడు. తర్వాతి బస్సు కండక్టరుకూ అదే బుద్ధి.

మా నాన్న ఆమెకు అన్న. బస్సు బాడీలు కట్టే షెడ్డులో రేకుపని చేసేవాడు. యుద్ధం అయిపోయాక సైన్యం వదిలించుకున్న తుక్కులోంచి ఒక జీపు చాసిస్సూ, విరిగిన విమానం రేకులూ తెచ్చి చెల్లెలి కోసం ఈ కారు చేశాడు. చెల్లెలంటే ప్రాణం కాబట్టి చేశాడని మా ఇంట్లో అందరూ చెప్పుకునేవాళ్లు. నేను ఆ కథ వింటూనే పెరిగాను. కారొచ్చాక ఆమె అందరికీ డ్రైవరత్త అయింది. చేతుల్లో పట్టు తగ్గి అమ్మేసేదాకా ఊళ్లో ఏ సందులో ఎవరి మిషను మొరాయించినా ఆ కారు వెళ్లి వాకిట్లో ఆగేది.

సంఘం వాళ్ల హాల్లో కారు మధ్యలో ఉంది. చుట్టూ తాడు కట్టారు. చేతి లివర్ల మీద, ఎక్కడ కోయాలో తెలిసేలా, సుద్దతో గీతలు గీసి ఉన్నాయి. వాటిని చూడగానే నాకు ఒళ్లు మండింది. సంఘం అధ్యక్షుడు తెల్లగడ్డం పెద్దమనిషి, మర్యాదస్తుడు.

"చేత్తో తాకకండమ్మా, వెల్డరు రేపొస్తాడు," అన్నాడు.

"వస్తే నా మీంచి కోసుకోమను," అంటూ అత్త తాడు కిందనుంచి దూరింది.

తలుపు తీసింది. చంకకర్రను ఇత్తడి గొట్టంలో దించింది. నడుం తిప్పి సీట్లో కూర్చుని, వంగని కాలును రెండు చేతులా ఎత్తి ఆ పొడవాటి అరలోకి జార్చింది. కాలు మడమదాకా హాయిగా చాపుకుంది.

"ఇదీ మీ జనరల్ గారి తుపాకీ," అంది.

హాల్లో ఉన్నవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. ఆమె ఎడమచేత్తో బ్రేకు లివరు లాగి చూపించింది, దాని పక్కదే యాక్సిలరేటరని చెప్పింది, బల్ల మీద పనిముట్ల పెట్టె జారకుండా నాన్న కొట్టిన అంచు పట్టీ తడిమి చూపించింది. పప్పులో కాలేశామని అధ్యక్షుడికి అప్పటికే అర్థమైంది. పాపం, ఆయనకు సంతోషమూ దిగులూ ఒకేసారి వచ్చాయి. జనరల్ కారంటే జనం వస్తారు. మిషన్లు బాగుచేసే ఆమె కారంటే ఎవరొస్తారు?

"జనరల్ గారి కారే, తర్వాత మీరు వాడుకున్నారని రాద్దామా?" అన్నాడు మెల్లగా.

"ఆయన కాలు కూడా వంగదా?"

 అధ్యక్షుడికి మంచి ఆలోచన తట్టినట్టు ముఖం వెలిగింది. లివర్ల జోలికి వెళ్లబోమని మాటిచ్చాడు. "అవిటి చెల్లెలి మీద జాలితో ఒక అన్న చేసిచ్చిన కారు అని పెద్ద బోర్డు పెడతామమ్మా. చదివినవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకుంటారు."

నాకూ బాగానే ఉందనిపించింది. అది మా ఇంటి కథే కదా. అత్త మాత్రం కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆ బోర్డు పెడితే నేను దిగను."

"ఎంతసేపు కూర్చుంటారమ్మా?"

"మా అన్నయ్య కూడా ఇదే అడిగాడు," అంది. "ఆడదానివి, పైగా ఈ కాలు, నీకు కారేమిటి, ఇంట్లో కూర్చో, మిషన్లు నేనే మోసుకొచ్చి పడేస్తానన్నాడు. రోజూ పొద్దున్నే వెళ్లి వాళ్ల షెడ్డులో బల్ల మీద కూర్చున్నాను. తిట్టాడు, బతిమాలాడు, మా అమ్మతో చెప్పించాడు. వానలు మొదలైనప్పుడు కూర్చున్నదాన్ని, తను మొదటి రేకు కోసేసరికి ఎండలు ముదిరాయి. నువ్వింకా తిట్టనైనా తిట్టలేదు నాయనా."

ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నాన్నా చెప్పలేదు. పోయిన నాన్న మీద ఆ క్షణంలో పట్టరాని కోపం వచ్చింది. బతికినన్నాళ్లూ ఆ పొగడ్తలన్నీ నవ్వుతూ వింటూ కూర్చున్నాడు! నా ముందు చాపిన కాలుతో, బిగించిన దవడతో కూర్చున్న ముసలామెను చూస్తే ఎక్కడలేని గర్వం కలిగింది.

అధ్యక్షుడు, మీరైనా చెప్పండన్నట్టు నావైపు చూశాడు. "నన్ను చూడకండి. ఆవిడ దిగమంటే దిగే మనిషి కాదు. నేనూ దిగమనను," అన్నాను.

చివరికి బోర్డులు రాసే అతన్ని పిలిపించారు. అతను కారు పక్కన పీట వేసుకుని కూర్చుని కుంచె తడిపాడు.

"జాలీ, పాపమూ, అవిటీ, ఇలాంటివేవీ వద్దు," అంది అత్త. "నడిపింది నేను. నా పేరు పైన రాయి. చేసింది పోయిన మా అన్నయ్య. తన పేరు దాని కింద రాయి, మంచి పనివాడని కూడా రాయి. ముందు చేయనన్నాడనీ రాయి."

"అదెందుకమ్మా, పోయినాయన గురించి?" అన్నాడతను.

"రాయి. లేకపోతే అడక్కుండానే ఇచ్చారనుకుంటారు."