పదహారు మీద పెట్టమని చెప్పలేదు

చెప్పవలసిన చోట చెప్పకుండా మింగేసిన ఒక మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. అది పోలీసులు పట్టుకునే నేరం కాదు. ఎవరి సొమ్మూ తినలేదు. మీరు చివరిదాకా చదివి, ఇంతేనా అంటారేమో. అనండి. నేను కూడా అలా అనుకుని ఊరుకోవాలని చాలా ప్రయత్నించాను. కుదరలేదు. ఇప్పటికీ ఆదివారం పొద్దున మేడ్చల్ రోడ్డు మీద బైబిలు చేతపట్టుకుని నడిచే కుటుంబం కనిపిస్తే నా తల దానంతటదే పక్కకు తిరుగుతుంది.

నేను వీడియోలు తీసేవాణ్ని. మాది గోదావరి వైపు. నాన్న ఉద్యోగం వల్ల కొంపల్లి దగ్గర కొత్తగా వెలిసిన కాలనీకి వచ్చి స్థిరపడ్డాం. తొంభైల్లో పెళ్లి వీడియోలతో మొదలుపెట్టి, తర్వాత తుర్కపల్లి వైపు మందుల కంపెనీలకు చిన్న చిన్న సినిమాలు తీసే దాకా వచ్చాను. కార్డు మీద ఫిల్మ్ మేకర్ అని వేయించుకున్నాను. ఆ మాటంటే నాకు అంత మోజు.

దేవదానం నా కెమెరామన్. దూలపల్లి మనిషి. నాకంటే కొంచెం చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. వాళ్ల చర్చిలో ఢోలక్ వాయించేవాడు. పాట ఎవరెత్తుకున్నా దాన్ని నడిపించేవి దానం చేతులేనని వాళ్ల పాస్టరుగారు అనేవారు. కెమెరా పట్టుకున్నా అంతే. పెళ్లికూతురు ఎప్పుడు తలెత్తుతుందో, ముసలి మేనత్త ఎప్పుడు కళ్లు తుడుచుకుంటుందో అతనికి ముందే తెలిసిపోయేది. నేను సుచిత్ర చౌరస్తా దగ్గర అద్దె గదిలో రెండు వీసీఆర్‌ల ముందు కూర్చుని, అతను తీసిందాన్ని ఒక టేపు నుంచి ఇంకో టేపుకు ఎక్కించేవాణ్ని. నిజానికి అతను తీసినదాంట్లో నేను సరిదిద్దడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఆ సంగతి ఒప్పుకోవడం నాకు చేతకాలేదు.

తర్వాత కంప్యూటర్లో ఎడిటింగ్ చేసే రోజులొచ్చాయి. మా లైనులో అందరిదీ ఒకటే ప్రశ్న, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అని. ఎవరూ కంపెనీ పేర్లు పలికేవారు కాదు. అట్టపెట్టె రంగును బట్టి ఎర్రడబ్బా, నీలండబ్బా అనేవారు. ఎర్రడబ్బా నిండా సోకులే. తెర మీద గులాబీ రేకులు రాలేవి, గుండె ఆకారంలోంచి పెళ్లికొడుకు బయటికొచ్చేవాడు, పుస్తకంలో పేజీ తిప్పినట్టు ముహూర్తం వెళ్లి భోజనాలు వచ్చేవి. జనం వాటికి పడి చచ్చేవారు. నేనూ ముందు అదే కొన్నాను.

కొన్నాక తెలిసింది దాని గుణం. ఆపకుండా ఎక్కువసేపు తీసిన దృశ్యాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తే బొమ్మ ముందు నడిచేది, మాట వెనకబడేది. మొదట్లో తేడా కనిపించేది కాదు. పోనుపోను పెరిగేది. ఒక సత్యనారాయణ వ్రతంలో పంతులుగారు నోరు మూసుకున్నాక మంత్రం వినిపించింది. కారణం పట్టుకోవడానికి నానా తంటాలు పడ్డాను. మా కెమెరాల మెనూలో శబ్దానికి పన్నెండు, పదహారు అని రెండు అంకెలుండేవి. కెమెరా కొన్నప్పుడు పన్నెండు మీదే ఉంటుంది. నీలండబ్బాకు ఏదైనా ఒకటే. ఎర్రడబ్బాకు మాత్రం పన్నెండు పడదు. తీసేముందు పదహారు మీదికి మారిస్తే చాలు, అంతా సరిపోతుంది. ఈ సంగతి తెలిసేసరికే నేను విసిగిపోయి నీలండబ్బాకు మారిపోయాను. తెలిసింది ఎవరికీ చెప్పలేదు. అడిగితే చెబుదాం అనుకున్నాను.

ఆ ఏడాది శామీర్‌పేటలో ఒక పెళ్లి ఒప్పుకోవడానికి వెళ్తే, పెళ్లికూతురి తండ్రి నాకు టీ ఇచ్చి, మీరు వచ్చినా రాకపోయినా పర్వాలేదు గానీ ఆ దూలపల్లి తమ్ముణ్ని తప్పకుండా పంపండి అన్నాడు. పాపం, ఆయన మంచి మనసుతోనే అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నవ్వుతూ సరే అన్నాను. దారంతా ఆ మాటే తలుచుకుని కుళ్లుకున్నాను.

కొన్నాళ్లకు దేవదానం వచ్చి, సొంతంగా ఎడిటింగ్ పెట్టుకుంటానని చెప్పాడు. దాచలేదు, దొంగచాటుగా చేయలేదు. నా పనికి ఎప్పుడు పిలిచినా వస్తానన్నాడు. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో నన్నే వచ్చి చెప్పమన్నాడు. అతని బండి మీదే సికింద్రాబాద్ వెళ్లాం. దుకాణంలో రెండు డబ్బాలూ ముందు పెట్టారు. అతను నీలందాని మీద చెయ్యి వేశాడు.

"అన్న, నువ్వు వాడేది గిదే గదా. నేను గూడ గిదే తీస్కుంట."

"నావి కంపెనీ సినిమాలు దానం. పెళ్లిళ్లకు ఎర్రదే. నీ పనికి అది చాలు."

"నువ్వు జెప్తే ఇగ అయిపాయె అన్న."

చెయ్యి తీసి ఎర్రడబ్బా అందుకున్నాడు. అప్పటికైనా, కొంటే కొన్నావు గానీ కెమెరాలో ఆ అంకె మార్చుకో అని ఉండొచ్చు. చెప్పడానికి ఎంతసేపు? నోటిదాకా వచ్చిందని ఇప్పుడు రాస్తే మీరు నన్ను కాస్త మంచివాడనుకుంటారు. రాలేదు. తిరిగి వస్తూ అతని వెనక కూర్చుని నేను హాయిగా ఉన్నాను.

పెళ్లిళ్లతో అతనికి ఇబ్బంది రాలేదు. మాటల మీద పాటలు వేసేస్తారు గనుక తేడా ఎవరికీ తెలియదు. ఇంతలో వాళ్ల చర్చికి కొత్త కట్టడం పూర్తయింది. ప్రతిష్ఠ రోజు ఆరాధన మొత్తాన్ని సినిమాగా తీసి చర్చికి తన కానుకగా ఇస్తానని దేవదానం మాటిచ్చాడు. ఢోలక్ కూడా తనే వాయించాలి. అందుకని కెమెరాను స్టాండు మీద బిగించి, ఆన్ చేసి, వెళ్లి ఢోలక్ ముందు కూర్చున్నాడు. మొదటి పాట నుంచి చివరి ఆశీర్వాదం దాకా కెమెరా ఆగలేదు. ఆ ఒక్కదాన్నీ ముక్కలు చేయకుండా ఉన్నదున్నట్టు ఉంచాలని అతని కోరిక. కంప్యూటర్లోకి ఎక్కించాక మొదటి పాట వరకే చూసి, అంతా సరిపోయిందనుకున్నాడు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కర్టెన్లు మూసి, గోడ మీద ఆ సినిమా వేశారు. నన్ను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టాడు, పని నేర్పినవాణ్నని. మొదటి పాట బాగానే ఉంది. ప్రసంగం మొదలయ్యాక పాస్టరుగారి పెదాలూ మాటా విడిపోవడం మొదలైంది. ఆయన నోరు మూశాక ఆమెన్ వినిపించింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. తర్వాత చివరి పాట. గోడ మీది బొమ్మలో దేవదానం చేతులు ఢోలక్ మీద పడుతున్నాయి, దెబ్బ మాత్రం తర్వాతెప్పుడో వినిపిస్తోంది. ఇక అందరూ నవ్వేశారు. నేను కూడా నవ్వాను. అవును, నవ్వాను.

బయట మెట్ల దగ్గర అతను నా ఎదుట నిలబడ్డాడు. ముఖంలో రక్తం లేదు.

"అన్న, నేను ఏడ తప్పు జేసిన?"

"కట్ చేసేటప్పుడు చెవి పెట్టాలి దానం. అది నేర్పితే వచ్చేది కాదు."

అతను తలూపాడు. నేను ఇలా అన్నాను. ఇవే మాటలు. అతను ముక్కలే చేయని దృశ్యంలో కట్ ఎక్కడుంది? ఆ మాత్రం ఆలోచన అతనికెందుకు రాలేదు? చెప్పింది నేను గనుక రాలేదు. నా మాట మీద అతనికి ఉన్న నమ్మకం, తన చేతుల మీద ఉన్న నమ్మకం కంటే పెద్దది. దాన్నే నేను వాడుకున్నాను. అసూయతో చేశానని రాస్తే సరిపోతుందా? అసూయ ఆ సికింద్రాబాద్ దుకాణం దగ్గరే చల్లారి ఉండాల్సింది. మెట్ల దగ్గర నాకు కలిగింది వేరు. ఒక మనిషి నా కళ్లముందే చిన్నవాడైపోతుంటే నాకు తృప్తిగా అనిపించింది. దీనికి పేరు నాకు తెలియదు.

ఆ తర్వాత అతను పెళ్లిళ్లు ఒప్పుకోవడం తగ్గించాడు. తర్వాత మానేశాడు. శామీర్‌పేట వాళ్లు మళ్లీ నా దగ్గరికే వచ్చారు.

కొన్నేళ్లకు తుర్కపల్లిలో ఒక ల్యాబ్ సినిమా కోసం కంపెనీ నాకు క్యాబ్ పంపింది. డ్రైవరు సీట్లో దేవదానం. నన్ను చూసి ఎంతో సంతోషించాడు. కెమెరా సంచి నా చేతిలోంచి తీసుకుని జాగ్రత్తగా వెనక సీట్లో పెట్టాడు. పిల్లల చదువులు, డ్యూటీలు, అన్నీ చెప్పాడు. ఏమీ తోచక, ఢోలక్ వాయిస్తున్నావా అని అడిగాను.

"ఇడిసిపెట్టిన అన్న. చెయ్యి కొడ్తుంటె నాకే అనుమానం వస్తాంది, తాళం ఎన్కవడ్డదేమో అని. నువ్వు అప్పుడు మంచిగనే జెప్పినవ్. నాకు చెవి లేదు."

కోపంగా అనలేదు. బాధగా కూడా అనలేదు. ఎప్పుడో తేలిపోయిన విషయం చెప్పినట్టు చెప్పి గేరు మార్చాడు. వీడియోలు పోతే పోయాయి, వాటితో పాటు నేను అతని చేతుల్లోంచి ఢోలక్ కూడా లాగేశానని అప్పటిదాకా నాకు తెలియదు. శామీర్‌పేట దాటాక కూడా దారి చాలానే మిగిలి ఉంది. చెప్పడానికి కావలసినంత సమయం. చెప్పలేదు. గేటు దగ్గర దిగి థాంక్స్ అన్నాను.

ఎందుకు చెప్పలేదు? అతను బాధపడతాడని అనుకున్నానా? ఉత్తమాట. అతని కళ్లలో ఉన్న ఆ అన్నను పోగొట్టుకోలేక చెప్పలేదు. ఇప్పుడు కూడా అతని ఇంటికి పోకుండా, ముక్కూ మొహం తెలియని మీకు, పేరు దాచుకుని చెబుతున్నాను. ఇదీ పిరికితనమేనని తెలుసు. దూలపల్లి ఇక్కడికి ఎంతో దూరం లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. కానీ ఆ మాట ఒక్కసారైనా నా లోపలి నుంచి బయటికి రావాలి. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

దేవదానం, నీ చెయ్యి ఏనాడూ తాళం తప్పలేదు. శబ్దం ఆలస్యంగా వచ్చింది, అంతే. ఎందుకొచ్చిందో ఆ రోజు మెట్ల దగ్గర నిలబడి నువ్వు అడిగినప్పుడే నాకు తెలుసు.