నేను దేవునికి వదిలేసిన పేపరు

ధర్మవరం సంఘంలోని సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకు వందనాలు. సాక్ష్యం సంతోషంగా చెప్పాలంటారు, కానీ నాకు ఈ రోజు కూడా కోపంగానే ఉంది, కోపంతోనే చెబుతాను, ఓర్చుకోండి.

నేను హిందూపురంలో బ్యాంకు గుమాస్తాను. ఆఫీసరు కావాలంటే రెండు భాగాల పరీక్ష రాయాలి, మొదటి భాగంలో ఐదు పేపర్లు, ఒక్కటి తప్పినా ఐదూ మళ్ళీ రాయాల్సిందే. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ చట్టాల పేపరు దగ్గరే తప్పాను. నాతో చేరినవాళ్ళు ఆఫీసర్లై నా బల్ల మీదికి ఫైళ్ళు విసురుతుంటే కడుపు మండిపోయేది, ఆ మంట ఆఫీసులో చూపించలేక ఇంటికి మోసుకొచ్చేవాణ్ణి, అన్నం వేడిగా ఉన్నా అరుపే, చల్లారినా అరుపే. నా భార్య మరియమ్మ కంచం పెట్టేసి వంటింట్లోకి తప్పుకునేది. మూడేళ్ళ పాప నన్ను చూస్తే తలుపు వెనక్కి పోయేది.

చదవలేదా అంటారేమో, రెండు రంగుల సిరాతో టైంటేబులు గీసి గోడకు అంటించాను, నాలుగు పేపర్లకు గంటలు కేటాయించాను, చట్టాల గడిలో మాత్రం 'ప్రార్థన' అని రాశాను. ఎందుకంటే మా ప్రార్థన కూటంలో ఒక పెద్దాయన పుస్తకం తెరవకుండానే ప్రభువు తనను పాస్ చేయించాడని సాక్ష్యం చెప్పాడు, అందరూ హల్లెలూయా అన్నారు, చట్టాల పుస్తకమంటే చచ్చే విసుగున్న నాకు ఆ మాట భలే నచ్చింది. ఆ సాక్ష్యం మీద నాకు ఇప్పటికీ కోపమే.

మూడోసారి ఫలితం వచ్చిన రోజు మరియమ్మ గోడ దగ్గర నిలబడి, "ఈ గడిలో ప్రార్థన అని రాసినారే, ఆడ కూర్చొని పరీక్ష రాసేది దేవుడా, మీరా?" అని మెల్లగా అడిగింది. నేను చెయ్యెత్తాను. దెబ్బ పడలేదు గానీ పాప చూసింది. ఆ సాయంత్రం బండికే మరియమ్మ బిడ్డను తీసుకుని పెనుకొండలో పుట్టింటికి పోయింది, "మీ కోపం పోయేదాకా నేను రాను" అని చెప్పి మరీ పోయింది.

ఆ రాత్రి నేను చట్టాల పుస్తకం చేతబట్టుకుని మోకాళ్ళ మీద పడ్డాను, పశ్చాత్తాపంతో కాదు, పోట్లాడటానికి. "ప్రభువా, నిన్ను నమ్మి ఇది నీకు వదిలేస్తే నన్ను నవ్వులపాలు చేసినావు, పెండ్లాం బిడ్డా పోయినారు, నీకు న్యాయముండాదా? ఇదో, చూడు" అని పుస్తకం తెరిచాను. కాగితాలు ఇంకా అంచుల దగ్గర కలిసే ఉన్నాయి. అటువంటి పుస్తకాలు అంచులు కత్తిరించకుండానే అచ్చాఫీసు నుంచి వస్తాయి, పేజీలు మనమే కోసుకోవాలి కదా, నేను మొదటి పాఠం దాటి ఒక్క పేజీ కోయలేదు. సహోదరులారా, ఏ స్వరమూ వినపడలేదు, ఏ వెలుగూ కనపడలేదు, ఆ కోయని కాగితాలే దేవుడు నాకిచ్చిన జవాబు. నా సోమరితనానికి ఆయన పేరు పెట్టుకున్నానని తెలిసి వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆదివారం పెనుకొండ వెళ్ళి అత్తమామల ముందే ఆమెను క్షమాపణ అడిగాను. "ఊరికే మాట చాలదు, కొత్త టైంటేబులు ఈడనే, నా ముందర రాయండి" అంది. రాశాను. తెల్లవారగానే మొదటి గంట చట్టాలకు, దానికి ముందు పది నిమిషాలు ప్రార్థనకు. కోపం తన్నుకొచ్చిన రోజు ఆ పది నిమిషాల్లోనే దాన్ని ప్రభువు ముందు కక్కేసేవాణ్ణి. మరియమ్మ రెండు నెలలు, ప్రతి ఆదివారం నేను పెనుకొండ వెళ్ళినప్పుడల్లా నన్ను గమనించి, అప్పుడు బిడ్డతో ఇంటికి వచ్చింది. ఆ ఏడు మొదటి భాగం పాసయ్యాను.

రెండో భాగం రాశాను, ఫలితం ఇంకా రాలేదు. వచ్చాక సాక్ష్యం చెప్పమన్నారు పాస్టరు అయ్యగారు, నేను ఒప్పుకోలేదు, ఇప్పుడే చెబుతానన్నాను. నన్ను ప్రభువు విడిపించింది పరీక్ష నుంచి కాదు, నా ఇంటిని కాల్చుతున్న నా నోటి నుంచి, పరీక్ష తప్పినా పాసైనా అది మారదు, దేవునికే మహిమ. మీలో ఎవరికైనా ఆయన మీద కోపముంటే దాన్ని ఇంట్లోవాళ్ళ మీద చూపకండి, ఆయన దగ్గరికే వెళ్ళి నోరారా పోట్లాడండి. నన్ను తరిమేయలేదు, మిమ్మల్నీ తరిమేయడు.