చేనికి తల ఎటువైపు?

నా పూర్వ విద్యార్థులైన అన్నదమ్ములిద్దరు, తండ్రి పోయిన నాటినుండి ఉదయగిరి దగ్గరి చేను విషయమై మాటలు మానుకొన్నారని తెలిసి, తగవు తీర్చడానికి బయలుదేరాను.

ఆత్మకూరులో ఏడు గంటలకు కదలవలసిన బస్సు ఎనిమిదింటికి కదిలింది. ఈ దారిన వెళ్లేవారు ఇడ్లీ తిని ఎక్కడం మేలు. పూరీ తిన్నవారి సంగతి గతుకులు చూసుకొంటాయి. పక్కనున్న శెట్టిగారు నాకు దారి చెప్పారు.

"కొండ ముక్కు కనపడినాక, తూము నోటి కాడ దిగండి. చేను ఆడనే ఉండాది."

మనిషి తన అవయవాలను ఇంత ధారాళంగా పంచిపెట్టాడేమని ఆశ్చర్యపడ్డాను. కుండకు మూతి, రంపానికి పళ్ళు ఇచ్చినంతవరకు ఎవరికీ కష్టం లేదు. ఇక్కడ తండ్రి చేనికి తల ఇచ్చి పోయాడు. తలవైపు పెద్దవాడికి, కాళ్ళవైపు చిన్నవాడికి అన్నది ఆయన చివరిమాట. ఉన్న ఒక్క బావి ఉత్తరపు కొసన ఉంది.

నీళ్ళు పుట్టే చోటే తల అని పెద్దవాడి వాదం. చిన్నవాడు ఒప్పుకోలేదు.

"ఉత్తరానికి తలపెట్టి ఎవుడన్నా పడుకుంటాడా, అయివారూ? చేను మాత్రం ఎట్టా పడుకుంటది? తల దక్షిణానే."

నేల పడుకోదని, దానికి దిక్కుల నియమం లేదని గంటసేపు బోధించాను. మరి నాయన తల అని ఎందుకన్నాడని ఇద్దరూ ఒక్కసారే అడిగారు. నా తరగతిలో ఉన్ననాడు వారిలో అంతటి ఐకమత్యం ఎన్నడూ చూడలేదు. ఇక వారి తల్లిని పిలిపించాను. ఆమె చింతపండు గింజలు తీస్తూనే చెప్పింది.

"కాపలాకు పోయినప్పుడు మీ నాయన బావివైపే తలపెట్టినాడు. అట్టా పడుకున్న వారానికే మంచం పట్టినాడు."

పెద్దవాడు ఆలోచనలో పడ్డాడు. ఆ కొసను తమ్ముడికే ఇమ్మన్నాడు. చిన్నవాడు ఉలిక్కిపడ్డాడు.

"నాయన్ని మింగిన తల నాకెందుకురా? నువ్వే పెట్టుకో."

చేనును నిలువునా చీల్చి, ఇద్దరికీ సగం తల, సగం కాళ్ళు వచ్చేట్లు తీర్పు చెప్పాను. బావి ఉమ్మడి, తోడుకోవడం దినం మార్చి దినం. అన్నదమ్ములు ఒకే తమలపాకుల కట్ట నుండి తాంబూలం వేసుకొన్నారు.

మూడు గంటలకు బస్సు ఎక్కుతుంటే తల్లి వేరుశనగల మూట అందించింది. ఆయన నిజంగా ఉత్తరానికి తలపెట్టేవాడా అని అడిగాను.

"నాకేం తెలుసు, అయివారూ? నేనెప్పుడన్నా కాపలాకు పోయినానా? బావి ఇద్దరికీ రావాల గదా."

దిగి, సత్యం చెప్పి, తీర్పును సరిదిద్దడం నా ధర్మం. కండక్టరు ఈల వేశాడు. నేను దిగలేదు, వేరుశనగలు బాగా వేగాయి.

ఆత్మకూరు సత్రంలో నెల్లూరు బస్సుకు గంట వ్యవధి దొరికింది. అరుగు మీద సంచి తలకింద పెట్టుకొని నడుం వాల్చాను. అది ఉత్తరమని తోచింది. దిక్కుల నియమం లేదని ఆ ఉదయమే బోధించిన నేను లేచి, ఎవరూ చూడడం లేదని నిర్ధారించుకొని, సంచిని రెండో కొసకు మార్చుకొన్నాను.