కుర్సీ కాదు, ఖుషీ

శారదమ్మ బేగంబజార్‌లోని ఆ స్టీలు సామాన్ల దుకాణంలో చేరి ముప్పై ఒక్క ఏళ్లు. అన్నేళ్లూ నిలబడే చేసింది. వికారాబాద్ దగ్గరి పల్లెబడిలో ఏడో తరగతి దాకా చదివింది, డిక్టేషన్‌లో తనను మించినవాళ్లు లేరు. గిన్నెను వేలితో కొట్టి, మోత విని మందమెంతో చెప్పగలదు. ఒక్క మాఘమాసంలో నూట పది పెళ్లిసెట్లు అమ్మింది. ఈ సంగతులు ఎవరూ అడగకపోయినా చెబుతుంది.

మోకాళ్లు మొండికేశాక, గిరాకీ లేనప్పుడు కూర్చోవడానికి ఒక స్టూలు అడిగింది. యజమాని కొడుకు అనురాగ్ ఫోన్లోంచి తలెత్తలేదు.

"కుషీ జాబ్ కావాల్నా శారదమ్మా?"

"అవు బాబూ, కుర్సీ జాబే. స్టూలైనా పర్వాలేదు."

దుకాణమంతా నవ్వింది. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

సాయంత్రం చెల్లెలి బిడ్డ గీతాంజలి విప్పి చెప్పింది. "కుర్సీ కాదు పెద్దమ్మా, కుషీ. ఇంగ్లీషు మాట. ఒళ్లు అలవని కొలువును గట్ల అంటరు."

"అంటే నన్ను పనిదొంగ అన్నడా?"

"గంతే అనుకో." గీతాంజలి ఫోన్‌లో డిక్షనరీ తీసి చదివి నవ్వింది. "అరే, ఇది మన ఖుషీనే. ఫార్సీల నుంచి ఉర్దూలకొచ్చింది. ఈడ కొలువు చేసిన తెల్ల సిపాయిలు విని పట్టుకపోయిన్రంట. వాళ్ల నోట్లె నలిగి కుషీ అయ్యింది."

శారదమ్మ మూడుసార్లు చెప్పించుకుంది.

మర్నాడు అనురాగ్ గల్లా దగ్గర కూర్చోగానే ఎదురుగా వెళ్లి నిలబడింది.

"నిన్న నువ్వన్న మాట మనదే బాబూ. మన ఖుషీ. తెల్లోళ్లు ఎత్తుకపోయి దాన్ని ఎత్తిపొడుపు చేసిన్రు. నువ్వు మళ్ల తెచ్చి నా మీదేసినవ్."

"ఏదో నవ్వులాటకన్న."

"నేను నవ్వులాటకంటలేను. ఇన్నేండ్లు నిలవడ్డంక ఖుషీగ కూసుంటననుడు తప్పైతే చెప్పు, గిప్పుడే పోత."

అతను ఫోన్ అందుకున్నాడు. ఆమె ధర చీటీ వేలాడుతున్న ఒక స్టీలు స్టూలును వరసలోంచి లాగి, కూర్చుంది.

"అది అమ్మే సరుకు," అన్నాడు అనురాగ్.

"అమ్ముడు నా పనే గద."

అప్పుడే బార్కస్ నుంచి ఒకామె పళ్లేల కోసం వచ్చింది. శారదమ్మ కూర్చునే రెండు పళ్లేలు మోగించి చూపింది, డజను కట్టించింది. పోతూ పోతూ ఆమె కళ్లు స్టూలు మీద పడ్డాయి.

"యే కిత్తే కా?" అని ధర అడిగింది.

అనురాగ్ నోరు తెరిచేలోపే శారదమ్మ చీటీ తెంపి కొంగున ముడేసుకుంది.

"బిక్ గయా, అమ్మా. అమ్ముడుపోయింది."