కాళ్ల కింద వెచ్చని ఇటుక

నా చెప్పు యాడ జారిపోయిందో నాకు తెల్వలే. బస్టాండ్ కాడి దుకాణంల ఉప్పు కొనుక్కొని ఇంటిదాంక నడిచొచ్చిన. గడపల నిలవడంగనే మా ఇంటాయన నా కాళ్ల దిక్కు జూసి, "ఏమే, ఒక్క చెప్పుతోనే వస్తివి, రెండోది ఎవరికన్న దానం జేసినవా?" అని నవ్విండు. వంగి జూస్తే నిజమే, కుడికాలికి చెప్పు లేదు. తొవ్వంత కంకర, మీదికెళ్లి చలి. అయినా ఏదీ కాలికి తెల్వలే. నేను గూడ నవ్విన. "చలికి కాళ్లు మొద్దుబారినయి తియ్యి" అన్న. ఏదో తేడా ఉన్నదని లోపల అనిపిచ్చింది గాని, చలి మీదికి తోసేసిన.

నా పేరు శరణమ్మ. పుట్టిల్లు బీదర్ దిక్కు, అత్తగారిల్లు న్యాల్‌కల్ కాడ ఒక ఊరు. ఊర్ల చేనున్నది, మా ఆయన పోయొస్తుంటడు. మేము మటుకు జహీరాబాద్‌ల ఉంటం. ఇంటి ముంగటనే జొన్నరొట్టెలు జేసి అమ్ముత. షుగర్ ఎన్నో ఏండ్ల సంది ఉన్నది. యాదికొస్తే గోలీ ఏసుకుంట, రాకుంటే లేదు. నొయ్యని రోగాన్ని ఎవరు లెక్కజేస్తరు?

మా దిక్కు చలి ఎట్లుంటదో వేరేటోళ్లకు జెప్తే నమ్మరు. తెలంగాణల గింత చలేందని అంటరు. టీవీల చలి ముచ్చట వస్తే ముందుగాల మా దిక్కు ఊర్ల పేర్లే సదువుతరు. కొబ్బరినూనె సీసల గడ్డగడ్తది. సిలిండర్ల గ్యాస్ ఉన్నా మంట సరిగ్గ రాదు. ఝరాసంగం దిక్కు ఆటోలు పొగమంచుకు ఆగిపోతే, పొద్దుగాల రొట్టెలు కొనేటోళ్లే ఉండరు. జొన్నపిండిల పోసే నీళ్లు ముడితే చేతులు జివ్వుమంటయి. చేతులకు తెలుస్తున్నది గద, కాళ్లకెందుకు తెలుస్తలేదని నాకు సోంచాయించ బుద్ధి పుట్టలే.

ఆ చలి రోజులల్లనే ఒకదినం పొద్దుమీకి తొందరగ పండుకున్న. "కాళ్లు కొయ్యలైనయి, నా కాళ్లు కావన్నట్టే ఉన్నది" అని ఊకె అన్న. మా ఆయన అట్లాంటివి ఇనే మనిషి కాదు. పెండ్లయిన కాంచి నాకు మంచినీళ్లు ముంచి ఇచ్చింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గట్లాంటాయన ఆ దినం ఏమనుకున్నడో ఏమో, రొట్టెల పొయ్యిల ఇంకా నిప్పులున్నయని ఒక ఇటుక కాల్చిండు. పాత ధోతిల చుట్టి నా చెద్దరు కింద, కాళ్లకు ఆనిచ్చి పెట్టిండు. వాళ్లమ్మ చలికాలంల పిల్లలందరికి గట్లనే పెట్టేదట. మా దిక్కు ప్రతి ఇంట్ల ఉన్న రివాజే అది.

"ఎచ్చగ ఉన్నదా?" అన్నడు.

"ఉన్నది" అన్న. కాళ్లకేం తెల్వలేదు. ఆయన పెట్టిండు గద అని, మనసుకు ఎచ్చగనిపిచ్చి అన్న.

తెల్లారి లేచి జూస్తే కుడికాలి వేళ్ల కింద పూరీ అంత బొబ్బ. ఒకటే నీళ్లు. మట్టె పెట్టుకునే ఏలు మటుకు నల్లగ కమిలింది. నాకు నొప్పి లేదు. ఆయన మొకం తెల్లగయింది. "అవ్వో, ఇదేందే, కాలిందా?" అంటే, "నొస్తలేదు, ఊకో" అన్న. సూదితోని పొడిచి నీళ్లు తీసి, పసుపు పెట్టి, గుడ్డపేలిక కట్టుకొని పొయ్యి ముంగట కూసున్న. నొప్పి లేదంటే మానుతున్నదనుకున్న. దునియా అంత గట్లనే అనుకుంటది గద.

గా వారంలనే ఎల్లమాస వచ్చింది. బయటోళ్లకు ఈ పండుగ తెల్వకపోవచ్చు. పుష్యం ముంగట వచ్చే అమాస దినం ఇంటిల్లిపాది చేనుకు పోతం. జొన్నచేన్ల అయిదు రాళ్లకు సున్నం పూసి పాండవులని మొక్కుతం. సజ్జరొట్టెలు, అన్ని పప్పులు కలిపి వండిన భజ్జి, అంబలి తీస్కపోయి, చేను చుట్టూ చల్లుకుంట తిరుగుతం. దాన్ని చరగ అంటం. భూమితల్లికి పెట్టే బువ్వ గన్క చెప్పులేసుకొని తిరగరు. పెండ్లయిన కాంచి మా చేనుకు చరగ చల్లేది నేనే. మా ఆడబిడ్డ, అంటే ఆయన అక్క, నా కాలికున్న కట్టు జూసి, "ఈసారి నేను చల్లుత తియ్యే" అన్నది. నేను ఇంటనా? చేను చుట్టూ తిరిగొచ్చేసరికి కట్టు ఊడిపోయింది, పుండుల మన్ను నిండింది. కోసిన పంట మోడు పుల్ల ఒకటి ఏలి సందుల గుచ్చుకొని అట్లనే ఉన్నది. ఇంటికొచ్చి కాళ్లు కడిగినప్పుడు మా ఆయన చూసి పీకిండు. నాకు అదీ తెల్వలే.

రెండు దినాలకు వణుకు మొదలైంది. పండ్లు కొట్టుకుంటున్నయి. "ఈ యేడు చలి మనుషులను మింగుతది" అని చెద్దరు మీద చెద్దరు కప్పుకున్న. అది జ్వరమని సోయి లేదు. ఇంట్ల ఏదో వాసన అని మా ఆడబిడ్డ ఎలుక సచ్చిందేమోనని మూలమూలకు ఎతికింది. ఎతికి ఎతికి చివరికి నా చెద్దరు ఎత్తింది. ఎత్తి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, "ఓరి దేవుడా, ఎలుక కాదురా తమ్మీ, దీని కాలు" అన్నది.

సర్కారు దవాఖానకు తోల్కపోయిన్రు. డాక్టరమ్మ సన్నటి ప్లాస్టిక్ దారం లాంటిది పట్టుకొని, "కండ్లు మూసుకో అమ్మా, నేను ముట్టినప్పుడల్ల జెప్పు" అన్నది. కండ్లు మూసుకున్న. జర సేపటికి "ఆనింది" అన్న. ఇంకింత సేపటికి "ఆ, ఆనింది" అన్న. బడిపిల్ల పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పుకుంట పోయిన.

"అమ్మా, నేనింకా ముట్టనే లేదు" అన్నది డాక్టరమ్మ.

కండ్లు తెరిచి జూస్తే ఆమె చేతులు ఒళ్లనే ఉన్నయి. సిగ్గయింది. ఆమె కోపం జెయ్యలే, చెప్పు జారిన ముచ్చట గూడ అడిగి ఇన్నది. "దీన్ని డయాబెటిక్ న్యూరోపతి అంటరు. షుగర్ నీ కాళ్ల నరాలను మొద్దుజేసింది. చలి కాదు. చలి అందరికీ ఉన్నది, అందరి చెప్పులు జారుతలేవు గద" అన్నది. తర్వాత, "ఇది ఎట్ల కాలింది?" అని అడిగింది.

మా ఆయన కింద బండల దిక్కు జూస్తుండు. నేనే, "పొయ్యి కాడ కాలింది మేడం" అన్న. ఆమె రాసుకున్నది. ఎక్స్‌రే తీసిన్రు. ఇన్ఫెక్షన్ ఎముకకు ఎక్కిందన్నరు. షుగర్ మస్తున్నదని ఇన్సులిన్ మొదలుపెట్టి, హైదరాబాద్ పెద్ద దవాఖానకు రాసిచ్చిన్రు. పొగమంచుల అంబులెన్స్ నత్తలెక్క పోయింది. ముంగట లారీల ఎర్ర లైట్లు తప్ప ఏం కానొస్తలేవు. నాకు భయం కాలే. భయపడాల్నని తెలుసు, రాలే అంతే.

హైదరాబాద్‌ల డాప్లర్ అని ఒక టెస్ట్ జేసిన్రు. "రక్తం బాగనే పోతుంది, అది మీ అదృష్టం" అన్నడు సర్జన్ సారు. "కానీ రెండో వేలు పోయింది. యాంప్యుటేషన్ చెయ్యాలి. అక్కడ ఆగకపోతే మోకాలి కింది దాకా తియ్యాల్సి వస్తది. మేం చూసేది కాలు కాపాడేటందుకే." నేను "సరే సార్" అన్న. కూరగాయలు బేరమాడినప్పుడన్న ఇంతకంటే ఎక్కువ మాట్లాడుత. కాలు లేకుంటే పొయ్యి ముంగట ఎట్ల కూసుంట, చేనెట్ల తిరుగుత అని మాటలు వరుసగ తలకాయల వచ్చినయి, పోయినయి. కండ్లల్లకు ఏదీ రాలే.

థియేటర్‌కు తీస్కపోయే ముందుగాల సిస్టరమ్మ నా మట్టె తియ్యమన్నది. వాపుకు అది ఏలుల దిగబడి ఉన్నది, వస్తలేదు. కట్టర్‌తోని కత్తిరియ్యాలన్నది. అప్పుడు ఏడ్చిన. ఏలు తీస్తమంటే ఊకున్నదాన్ని, మట్టె తీస్తమంటే వార్డంత ఇనేటట్టు ఏడ్చిన. పెనిమిటి పక్కన నిలవడి ఉండంగ మట్టె తీసుడేంది? మా దిక్కు ఆడదానికి మట్టె ఎప్పుడు తీస్తరో అందరికి తెలుసు. సిస్టరమ్మ పరేషానై ఆయన దిక్కు చూసింది. ఆయన వచ్చి నా కాలు పట్టుకొని, "కత్తిరియ్యమ్మా, నేను పట్టుకుంట" అన్నడు. ఇరిగిన మట్టెను అంగి జేబుల ఏసుకున్నడు.

ఆపరేషన్ మంచిగైందన్నరు. తర్వాత కట్టు విప్పితే అంచులు మల్ల నల్లగయినయి. డెబ్రైడ్‌మెంట్ అన్నరు, సచ్చిపోయిన కండను గీకి తీసుడన్నట్టు. గీకుతుంటే నేను చూసుకుంట పండుకున్న. ఎవరి కాలో అన్నట్టున్నది. దాంతోని ఆగలే, పక్క వేలు గూడ పోయింది. "ఇంకోసారి నలుపు పైకి ఎక్కితే ఆలోచించాల్సిందే" అన్నడు సారు, మోకాలి కింద చేత్తోని గీత గీసి చూపెట్టి. మా ఆయన ఆ గీత మీదికెళ్లి కండ్లు తియ్యలే.

అప్పటిసంది ఆయన బువ్వ సరిగ్గ తినలే, స్వెట్టర్ ఏసుకోలే. గంత చలిల వార్డు బయట ఉత్త అంగి మీద కూసునేటోడు. ఒక పొద్దు రౌండ్‌కు వచ్చిన సారుకు అడ్డం నిలవడి, "నేనే కాల్చిన సార్. ఆమె పొయ్యి అని అబద్ధం జెప్పింది. ఇటుక నేనే పెట్టిన" అన్నడు. అంగి చేతితోని కండ్లు తుడుసుకున్నడు. పెండ్లయిన కాంచి ఆయన ఏడ్చుడు నేను చూడలే.

సారు చేతిల కాయితాలు పక్కన పెట్టిండు. "పెద్దాయనా, ప్రతి చలికాలం మాకు ఇట్లాంటి కాళ్లే వస్తయి. ఇటుక, వేన్నీళ్ల సంచి, చలిమంట. అన్నీ ప్రేమతోని పెట్టినయే. వెండి మట్టె వేడిని పట్టుకున్నది, అందుకే అక్కడ లోతుగ కాలింది. మీరు ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే. ఆమె కాలు ఆమెకు చెప్పదు. మీరు చూసి చెప్పాలి" అన్నడు. సారు పోయినంక నేను, "అబద్ధం అట్లనే ఉండనియ్యక, ఎందుకు జెప్పినవయ్యా?" అన్న. ఆయన సంచిలకెళ్లి స్వెట్టర్ తీసి ఏసుకున్నడు.

నలుపు ఆగింది. ఎందుకాగిందో నాకు తెల్వదు, మందులకు ఆగిందంటరు. ఇంటికి పంపిచ్చిన్రు. దినం తప్పించి దినం జహీరాబాద్‌ల డ్రెస్సింగ్. పొగమంచు పడ్డనాడు ఆటో దొరకకుంటే ఆయన స్కూటర్ మీద నన్ను కూసోబెట్టి, కాలికి ప్లాస్టిక్ సంచి కట్టి, మెల్లగ తోల్కపోయేటోడు. ఇంటికాడ రొట్టెలు తనే మొదలుపెట్టిండు. ఒకదానికి అంచు లేదు, ఇంకోదానికి నడుమ లేదు. "తింటందుకా, అతుకులేస్తందుకా?" అన్న. దవాఖాన నుంచి వచ్చినంక నేను నవ్వింది అప్పుడే. మా ఆడబిడ్డ చూడొచ్చినప్పుడల్ల, "గోటితోని పోయేదాన్ని గొడ్డలిదాంక తెచ్చిన్రు ఇద్దరు గల్సి" అని తిట్టేది. తిట్టుకుంటనే నా బట్టలు ఉతికిపోయేది. ఎండలు ముదిరినంక పుండు మూసుకున్నది.

ఇప్పుడు మల్ల చలికాలం. మల్ల రొట్టెలు జేస్తున్న, పొయ్యికి దూరంగ స్టూల్ మీద కూసొని. దవాఖానల ఇచ్చిన మెత్తటి ఎంసీఆర్ చెప్పులు ఇంట్ల గూడ ఇడువను. కాళ్లకు మట్టెలు వద్దన్నరు. కంసాలి ఇరిగినదాన్ని అతికిచ్చిండు, ఎడమకాలిది గూడ తీసి రెండింటినీ పుస్తెల తాడుకు గుచ్చుకున్న. రొట్టె కొడుతుంటే టిక్కుటిక్కుమంటయి.

ఈ యేడు ఎల్లమాసకు పోనన్న. ఆయన పోదామన్నడు. చేను గట్టు మీద చెప్పులు ఇడువబోతే నా చెయ్యి పట్టుకున్నడు. మా ఆడబిడ్డ, "చేన్ల చెప్పులేందిరా, చరగ చల్లేటప్పుడు? పాపం గాదా?" అన్నది. "నేనే తొడిగిన అక్కా. పాపం గిట్ల ఉంటే నా లెక్కల ఏసుకోమను" అన్నడు. ఆమె భజ్జి గంజు నా చేతికిచ్చింది. చెప్పులతోనే చేను చుట్టూ తిరిగిన. మన్ను తడిగున్నదో పొడిగున్నదో కాళ్లకు తెల్వదు, అప్పుడు చెప్పుల్లేకున్నా తెల్వకపోతుండె. అది యాదికొచ్చి నడుమల ఒకసారి నిలవడ్డ. సంతోషమో దుఃఖమో ఏదీ గట్టిగ రాలే. చరగ మటుకు ఆఖరిదాంక చల్లిన.

షుగరున్నోళ్లకు నేను జెప్పేది ఒక్కటే ముచ్చట. చలికి కాళ్లు సల్లగైతే సాక్సులు తొడుక్కోండ్రి, నిప్పు మటుకు దగ్గరికి రానియ్యకుండ్రి. దినాం ఒకరితోని మీ అరికాళ్లు చూపిచ్చుకోండ్రి. సిగ్గుపడకుండ్రి. నేను మస్తు సిగ్గుపడ్డ, మొగుని ఒళ్ల కాళ్లు పెట్టుడేందని.

పొద్దున ఎండ పొడ వాకిట్ల పడ్డంక ఆయన పీట ఏసుకొని కూసుంటడు, నా కాళ్లు ఒళ్ల పెట్టుకుంటడు. ఏలి సందులు, మడమలు, అన్నీ చూస్తడు. రెండు వేళ్లు లేని కాడ బొటనేలితోని ఒత్తి, "ఆనిందా?" అని అడుగుతడు. డాక్టరమ్మ కాడ ఉత్తగనే ఆనిందని జెప్పినట్టు ఆయనకు జెప్పను.

"ఆనలే" అంట.

"సరే" అంటడు, ఇంకింత వంగి చూస్తడు.