క్యారియర్ మీది కబుర్లు

ముప్పై నాలుగేళ్లు ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చదివిన మనిషి ఆయన. వీధిలో అందరికీ మీటర్లాయనే. పగలంతా అంకెలు రాసి రాసి విసుగెత్తి ఇంటికొచ్చి, సాయంత్రం మళ్లీ సైకిలు తీసేవాడు, ఊరికే తిరగడానికి. భార్య క్యారియర్ మీద పక్కకు తిరిగి కూర్చుని, ఆయన చొక్కా పట్టుకుని కబుర్లు మొదలుపెట్టేది. పిండిమర దాకా పక్కింటివాళ్ల గొడవ, వంతెన దాకా ఆవిడ చెల్లెలి సంసారం. ఎంత దూరం వెళ్లొచ్చారని ఎవరైనా అడిగితే, "మా మరదలు అలిగి పుట్టింటికి వచ్చేదాకా" అనేవాడు. ఎంత హాయిగా ఉండేవో ఆ సాయంత్రాలు!

రిటైరయ్యాక కూతురు ముచ్చటపడి హ్యాండిల్‌కి ఓ బుల్లి యంత్రం బిగించింది. వేగం, దూరం, గుండె కొట్టుకునే లెక్క, అన్నీ చూపిస్తుంది. ఇంకేముంది, పాత అంకెల రోగం తిరగబెట్టింది. సగటు వేగం నిన్నటికంటే తగ్గితే ఆయనకు ఆ పూట ముద్ద దిగేది కాదు.

"కాస్త కబుర్లాపవోయ్, లెక్క తప్పుతోంది" అన్నాడోరోజు భార్యతో. మర్నాడు "నువ్వు ఇంట్లో ఉండు, అరగంటలో వచ్చేస్తా" అన్నాడు. ఆ తర్వాత ఆ మాటా అనలేదు. ఆవిడా అడగలేదు. ఆఖరికి బరువని క్యారియర్ కూడా విప్పి అటక మీద పడేశాడు. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

రెండు నెలలకు కూతురు వచ్చి, ఫోనులో ఆ యంత్రం గీసిన గీతలు చూసింది.

"అబ్బో నాన్నా! సగటు ఒక్కసారిగా ఎంత పెరిగిందో! ఇదిగో, ఈ వారం నుంచి. ఏం చేశారేమిటి?"

ఆయన పొంగిపోయి నోరు తెరిచేలోగా వంటగదిలోంచి భార్య అంది. "పెరగదూ మరి? నేను దిగిపోయిన వారం అది."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే పోట్లాడైనా గట్టెక్కేవాడు. తల కొట్టేసినట్టయింది. అటకెక్కి క్యారియర్ దించి, దుమ్ము దులిపి, నట్లు బిగించాడు. యంత్రం ఊడదీసి కూతురి చేతిలో పెట్టాడు.

"నువ్వే ఉంచుకోమ్మా. చదవాల్సిన మీటర్లు ఎప్పుడో చదివేశాను."

భార్య కాసేపు బెట్టు చేసి, చేతులు తుడుచుకుని ఎక్కింది. పిండిమర దాటారు. వెనక ఉలుకూ పలుకూ లేదు. ఇక మాట్లాడదేమోనని ఆయనకు భయం పట్టుకుంది. వంతెన ఎత్తులో ఆయాసపడుతూ తొక్కుతుంటే, వెనక చొక్కా బిగిసింది.

"మా చెల్లెలేం చేసిందో తెలుసా మీకు?"

"నువ్వు చెప్పందే ఎలా తెలుస్తుంది?"

"రెండు నెలల సంగతులున్నాయి. వంతెన దాకా చాలదు."

వంతెన దిగి ఆయన ఇంటివైపు మళ్లలేదు. ఏటి గట్టు మీది దూరపు దారికి హ్యాండిల్ తిప్పాడు.